ఒకపక్కే బరువు

పార్సెల్ విభాగం గోడకు కొత్త కాగితం అంటించిన రోజున దాన్ని మొదటి అక్షరం నుంచి చివరి చుక్కదాకా చదివింది పార్సెలక్క ఒక్కతే. మిగతావాళ్ళు నడుస్తూ నడుస్తూనే ఓ చూపు విసిరి ఎవరి బల్లకు వాళ్ళు చేరుకున్నారు. వాళ్ళ తప్పేమీ లేదు. పేలుడు జరిగి తొమ్మిది రోజులైంది, ఈ తొమ్మిది రోజుల్లో గోడమీదికి ఎక్కిన కాగితాలన్నీ జాగ్రత్త, జాగ్రత్త అన్నాయే గానీ దేన్ని చూసి జాగ్రత్తపడాలో ఒక్కటీ చెప్పిన పాపాన పోలేదు. ఈ కాగితం చెప్పింది. అనుమానించాల్సిన పార్సెల్‌కు ఏడు గుర్తులుంటాయట.

ఆమె అసలు పేరు హాజరుపట్టీకి తప్ప ఎవరికీ అక్కర్లేదు. ఆమెకన్నా ఆరేళ్ళు పెద్దవాడైన ఆఫీసరు కూడా అక్కా అనే పిలుస్తాడు. పార్సెల్ చేతిలోకి తీసుకోగానే ఒకసారి ఎత్తి చూసి, ఒకసారి వాసన చూసి, ఇది ఏమై ఉంటుందబ్బా అనుకోవడం ఆమె అలవాటు. అనుకున్నది నిజమో కాదో తెలిసే దారి ఎప్పుడూ ఉండదు. ఎవరి మూట వాళ్ళకు చేరుతుంది, ఆమె ఊహ ఆమె దగ్గరే ఉండిపోతుంది. అయినా ఈ ఆటంటే ఆమెకు విసుగు పుట్టలేదు.

పేలింది ఈ ఊళ్ళో కాదు. ఆరుగంటల ప్రయాణం దూరంలో ఇంకో ఊరి పార్సెల్ విభాగంలో, ఇలాంటి బల్లమీదే, ఇలాంటి ట్యూబులైట్ల కిందే. నలుగురు పోయారు. వాళ్ళలో ఒకతన్ని ఆమె తమ్ముడూ అనేది. రోజూ పొద్దున్నే ఎన్ని సంచులు బయల్దేరాయో ఫోన్లో చెప్పేవాడు. పదకొండేళ్ళు మాట్లాడుకున్నారు, ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఆమెకు తెలిసిందల్లా అతని గొంతు, అతని ముడి. సంచి మూతికి తాడు రెండుసార్లు తిప్పి, కొస పైకి వదిలి, అదో రకంగా వేసేవాడు. కొస పట్టుకు లాగితే చాలు, మొత్తం విడిపోయేది. ఇప్పుడు అక్కణ్ణుంచి వచ్చే సంచులకు ప్లాస్టిక్ పట్టీలుంటున్నాయి. మొదటి పట్టీని కత్తెరతో కత్తిరించిన రోజున ఆమె బాత్రూంలోకి పోయి, కొళాయి తిప్పి, తనివితీరా ఏడ్చి వచ్చింది.

కాగితంతో పాటే ఒక భద్రతాధికారిని కూడా పంపారు. ముప్పై ఏళ్ళు ఉంటాయో ఉండవో, చొక్కా మడత నలక్కుండా నిలబడే మనిషి. అందరినీ చుట్టూ నిలబెట్టి ఏడు గుర్తులూ వివరించాడు. పంపినవాళ్ళ చిరునామా లేకపోయినా, చేతిరాత వంకరటింకరగా ఉన్నా, అవసరానికి మించి తాళ్ళు చుట్టినా, కావాల్సినదానికన్నా ఎక్కువ స్టాంపులు అతికించినా అనుమానించాలి. జిడ్డు మరకలు, ఘాటు వాసన కూడా గుర్తులే. అన్నిటికన్నా ముఖ్యమైనది, బరువు ఒకపక్కకే ఒరగడం. వీటిలో మూడు కనిపిస్తే ఇక ఆలోచించొద్దు, గది మూలన కొత్తగా పెట్టించిన ఎర్రబోనులో పెట్టెయ్యాలి. రోజూ నాలుగింటికి వ్యాను వస్తుంది, ఊరిబయట గోతిలో వేసి ధ్వంసం చేస్తారు.

"ఒక మాట అడగొచ్చా బాబూ?" అంది పార్సెలక్క.

"అడగండమ్మా."

"ఆ రోజు అక్కడ పేలిన పార్సెల్ ఎలా ఉంది? దానికి వీటిలో ఎన్ని గుర్తులున్నాయి?"

అధికారి చేతిలోని కాగితం మడతపెట్టాడు. "అది రహస్యమమ్మా. దర్యాప్తులో ఉంది."

"రహస్యమైతే సరే. ఊరికే అడిగాను" అందామె. ఊరికే ఏమీ కాదు. ఆ ప్రశ్న ఆమెను తొమ్మిది రోజులుగా తొలుస్తోంది. తమ్ముడు దాన్ని చేత్తో ఎత్తే ఉంటాడు కదా. ఎత్తినప్పుడు అతని చేతికి ఏమీ తెలియలేదా?

మొదటిరోజు ఎర్రబోనులోకి పదమూడు వెళ్ళాయి. పార్సెలక్క ఒక్కొక్కటీ పెడుతూ మనసులో లెక్క వేసుకుంది. కంపెనీల పెట్టె ఒక్కటీ లేదు. అచ్చు లేబులు, గోధుమరంగు టేపు, నాలుగు మూలలూ సమంగా ఉన్నవన్నీ బెల్టుమీద దర్జాగా సాగిపోయాయి. బోనులో పడ్డవన్నీ ఏడాదికో రెండేళ్ళకో ఒకసారి పార్సెల్ పంపేవాళ్ళవి. దారిలో విడిపోతుందేమోనని నాలుగు చుట్లు ఎక్కువ తాడు చుట్టినవాళ్ళు, చాలవేమోనని రెండు స్టాంపులు ఎక్కువ అతికించినవాళ్ళు. భయపడేవాళ్ళంతా బోనులోకి, భయం లేనివాళ్ళంతా బెల్టుమీదకి. ఆమెకు నవ్వూ వచ్చింది, ఒళ్ళూ మండింది.

"ఇదేం లిస్టయ్యా? మనుషుల్లో మంచివాళ్ళ గుర్తులు రాసినట్టుంది" అంది పక్కబల్ల ఆయనతో. రోజంతా ఏదో ఒకటి గొణుగుతూ ఉంటాడని ఆయన్ని అందరూ గొణుగుడాయన అంటారు.

"నాకు ఇంకా నాలుగేళ్ళ సర్వీసుంది. చేతులూ కాళ్ళూ ఉండగా ఇంటికి పోతే చాలు నాకు" అని గొణిగాడాయన.

మూడోరోజు పదకొండు గంటలకు బెల్టుమీద గుడ్డమూట వచ్చింది.

దాన్ని చూడగానే ఆమె చెయ్యి ఆగిపోయింది. ఎనిమిదేళ్ళుగా ఏడాదికోసారి వచ్చే మూట అది. బడులు తెరిచే ముందు వస్తుంది. మందపాటి గుడ్డలో చుట్టి, మైనం పూసిన దారంతో చుట్టూ కుట్టి ఉంటుంది. కుట్లు చిన్నచిన్నవి, ఒకదాని పక్కన ఒకటి, వరస తప్పకుండా. దూరపు ఊళ్ళో ఉన్న ఒకమ్మాయికి వెళుతుంది. ఆ అడ్రసు రాసిన చెయ్యి అక్షరాలను రాయలేదు, చెక్కింది. పంపినవాళ్ళ పేరుండదు. బంకవాసన గుప్పుమంటుంది. ఎత్తితే బరువు ఒకపక్కకే ఒరుగుతుంది. లోపల ఏముందో ఎనిమిదేళ్ళుగా ఆమె ఊహించలేకపోయిన మూట అదొక్కటే. అందుకే అదంటే ఆమెకు అంత ఇష్టం.

గుర్తులు లెక్కపెట్టింది. ఐదు.

నాలుగింటికి వ్యాను వస్తుంది. ఆమె అటూ ఇటూ చూసి, మూటను తన బల్లకిందికి తోసింది.

"అక్కా" అన్నాడు గొణుగుడాయన. ఈసారి గొణగలేదు, స్పష్టంగానే అన్నాడు. "నీ సంగతి సరే. నా సంగతేంటి? నేనూ ఈ బల్ల పక్కనే కూర్చుంటాను."

"ఇది నాకు తెలిసిన మూటేనయ్యా. ఏటా వస్తుంది."

"లోపలేముందో తెలుసా?"

ఆమె వంగి మూటవంక చూసింది.

"అక్కడ పోయినవాళ్ళు కూడా తెలిసినదే అనుకుని ఉంటారు" అన్నాడాయన.

ఆమె మొహం ఎర్రబడింది. సిగ్గేసింది. తన ముచ్చట కోసం పక్కమనిషి ప్రాణం మీదికి తేవడానికి తనకేం హక్కుంది? మూట తీసుకుని తిన్నగా భద్రతాధికారి దగ్గరికి నడిచింది.

"ఐదు గుర్తులున్నాయి బాబూ. బోనులో పెట్టాల్సిందే, కాదనను. కానీ నాలుగింటిదాకా మీరు ఇసుక బస్తాలు పేర్పించిన గదిలో ఉంచండి. దీని ముద్ర మన ఊరి ఆసుపత్రి వీధి పోస్టాఫీసుది. పంపినవాళ్ళను పట్టుకొస్తాను. వాళ్ళ చేత్తో వాళ్ళనే విప్పమందాం."

"రూల్సులో అలా లేదమ్మా."

"వద్దని ఉందా?"

అధికారి కాగితం తీసి చూశాడు. నిజంగానే చూశాడు, వెనక్కి కూడా తిప్పాడు. వద్దని లేదు. "నాలుగు దాటితే మాత్రం నా చేతుల్లో ఉండదు" అన్నాడు.

భోజనాల బెల్లు కొట్టగానే ఆమె డబ్బా తెరవకుండానే వీధిలో పడింది. ఆసుపత్రి వీధి పోస్టాఫీసు గుమస్తాను అడిగితే, "రోజుకు నూటయాభైమంది వస్తారక్కా, ఎవరని చెప్పను?" అన్నాడు. బయటికొచ్చి, మైనపు దారం, బంకవాసన, సన్నటి కుట్టు అనుకుంటూ నాలుగడుగులు వేసి, తన తెలివికి తానే తల బాదుకుంది. ఎనిమిదేళ్ళు పట్టిందా ఈ మాత్రం అర్థం కావడానికి! ఆసుపత్రి గోడ వారగా, రేకు చూరు కింద చెప్పులు కుట్టే ఆయన కూర్చుని ఉన్నాడు. ఒడిలో జోడు, చేతిలో ఆరె. తోలుకు ఆరెతో చిల్లి పొడవడం, ఆ చిల్లిలోంచి రెండువైపులా దారాలు దూర్చి లాగడం, మళ్ళీ పొడవడం. కుట్లు చూడగానే ఆమె గుర్తుపట్టింది.

"బాబాయ్, ఏటా గుడ్డమూట పంపేది నువ్వేనా?"

ఆయన ఆరె పక్కన పెట్టి భయంగా చూశాడు. "ఏమైంది తల్లీ? చేరలేదా?"

చేరాలంటే నువ్వు నాతో రావాలని చెప్పింది. ఎందుకో చెప్పేసరికి ఆయన పెట్టెకు తాళం వేసి లేచాడు. దారిపొడుగునా ఆమెకు నాలుక చివరే ఉంది ప్రశ్న, లోపలేముంది బాబాయ్ అని. అడగలేదు. ఇంకో పావుగంటలో కళ్ళతోనే చూడొచ్చని ఆశ.

ఇసుక బస్తాల గదిలో ఆయన తన కుట్లు తానే విప్పాడు. తెంపలేదు. ఒక కొస వెతికి పట్టుకుని, ఒక్కో కుట్టే వెనక్కి లాగుతూ పోయాడు. అధికారి చేతులు కట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు, కాసేపటికి చేతులు విప్పి దగ్గరికొచ్చాడు. గుడ్డ విడిపోయింది. లోపల ఒక జత నల్లటి బూట్లు. ఒకదాని అడుగు మామూలుగానే ఉంది. రెండోదాని అడుగు మూడు వేళ్ళ మందం.

"నా కూతురికి ఎడంకాలు పొట్టి బాబూ" అన్నాడు చెప్పులు కుట్టే ఆయన. "బళ్ళో టీచరు. రోజంతా నిలబడాలి. ఏడాదికల్లా అడుగు అరిగిపోద్ది, అరిగిన బూటుతో నడిస్తే నడుం పట్టేస్తది. పోయినేడాదివి అరిగిపోయి మొన్న మెట్లమీద పడిందంట. బడి తెరిచేలోగా ఇవి అందాల."

ఒకపక్కే బరువు! పార్సెలక్క మందపాటి బూటును చేతిలోకి తీసుకుని, తిప్పి, మళ్ళీ మళ్ళీ చూసింది. ఎనిమిదేళ్ళ పొడుపుకథ విడిపోయిన సంతోషం ఆమె మొహంలో దాగలేదు. అధికారి కూడా కరిగాడు. "మళ్ళీ ఇలాగే కుడితే మళ్ళీ ఐదు గుర్తులొస్తాయి. ఉండండి, నేనే ప్యాక్ చేస్తాను" అన్నాడు. కొత్త అట్టపెట్టె తెప్పించాడు. బరువు సమంగా ఉండేలా రెండోవైపు కాగితాలు కుక్కాడు. టేపు వేశాడు. లేబులు అచ్చువేయబోతే కంప్యూటరు పంపినవారి ఇంటి నంబరు అడిగింది. ఆసుపత్రి గోడకు నంబరెక్కడిది? పోనీలే అని పార్సెల్ విభాగం చిరునామానే కొట్టేశాడు. పెట్టె బెల్టుమీద సాగిపోయింది. ఒక్క గుర్తూ లేదు, ఎవరూ దానివంక రెండోసారి చూడలేదు. చెప్పులు కుట్టే ఆయన ఆమెకూ అధికారికీ దండం పెట్టి, తన గుడ్డముక్క మడిచి చంకలో పెట్టుకుని వెళ్ళాడు.

పంపిన ఆరోరోజున పెట్టె తిరిగొచ్చింది. 'స్వీకరించలేదు' అని అడ్డంగా ముద్ర.

పార్సెలక్క నమ్మలేక లేబులు రెండుసార్లు చదివింది. ఊరు సరిగ్గానే ఉంది, పేరూ సరిగ్గానే ఉంది. తిరిగొచ్చిన పార్సెళ్ళన్నీ గుర్తులతో పనిలేకుండా బోనులోకే పోవాలని కాగితం చివరివాక్యం. ఆమె పెట్టెను అలాగే అధికారి బల్లమీద పెట్టింది. అది బల్లకు తగిలిన చప్పుడుకు అతను కుర్చీ వెనక్కి జరిపాడు. జరిపినందుకు తానే సిగ్గుపడ్డాడు.

"మీరు ప్యాక్ చేసిందే బాబూ" అందామె.

"తెలుసు." అతను పెట్టెను ముట్టుకోలేదు. "కానీ వెళ్ళొచ్చింది కదమ్మా. మధ్యలో ఎవరైనా విప్పి, ఇదే టేపు మళ్ళీ వేసి ఉంటే? ఈ టేపు ఏ కొట్లోనైనా దొరుకుతుంది."

ఆమె పెట్టెను పైకెత్తింది. సమంగా ఉంది. వాసన చూసింది. అట్టవాసన. చెవి దగ్గర పెట్టుకుని కదిపింది. ఇరవై రెండేళ్ళ సర్వీసులో మొదటిసారి ఆమె చేతికి ఏమీ తెలియలేదు.

"నాకూ తెలీట్లేదు" అంది మెల్లగా.

అధికారి లేచి వెళ్ళి తలుపు దగ్గరగా వేసొచ్చాడు. "అమ్మా, ఆ రోజు మీరొకటి అడిగారు. అక్కడ పేలింది ఎలా ఉందని. ఇదిగో, ఇలాగే ఉంది. కొత్త అట్టపెట్టె. అచ్చు లేబులు. మూలలు కూడా ఇంత నీటుగా ఉన్నాయట."

"మరి ఆ ఏడు గుర్తులు?"

"ఎప్పటివో. ఇంకెక్కడో ఇంకేదో జరిగినప్పుడు రాసినవి. మొన్న జరిగినదానికి ఏం రాయాలో ఇంకా ఎవరికీ తెలియదు. అంతమంది పోయాక ఏ కాగితమూ లేకుండా మిమ్మల్ని బల్లల దగ్గర ఎలా కూర్చోబెడతాం? అందుకని ఉన్న కాగితమే పంపారు."

ఆమెకు కోపం రావాల్సింది. రాలేదు. తమ్ముడి చేతికి ఎందుకు తెలియలేదో తెలిసింది. తెలియడానికి దానిమీద ఏమీ లేదు. అతను పొరపాటు చెయ్యలేదు, పరాకుగానూ లేడు. ఆ అనుమానం ఇన్నాళ్ళూ తనను ఎంత నొక్కిపెట్టిందో అప్పుడు అర్థమై కళ్ళు తుడుచుకుంది.

పెట్టెను ఇసుక గదిలోకి అతనే మోసుకెళ్ళాడు. ఆమెను బయటే ఉండమన్నాడు. ఆమె ఉండలేదు. "తెరిచేది నేను. మీరు బస్తాల వెనక్కి వెళ్ళండి" అన్నాడు. వెళ్ళింది గానీ తల పైకి పెట్టి చూస్తూనే ఉంది. టేపు చీలిన చప్పుడు. కాగితాల చప్పుడు.

"బూట్లే" అన్నాడు చివరికి. అతని చొక్కా వీపంతా తడిసిపోయింది.

సాయంత్రం ఆసుపత్రి గోడ దగ్గర చెప్పులు కుట్టే ఆయన కూతురికి ఫోన్ కలిపి పార్సెలక్క చేతికిచ్చాడు.

"నాన్న మూట ఇంకా రాలేదండీ" అంది ఆ అమ్మాయి. "మధ్యలో ఏదో పెట్టె వచ్చింది. ఎక్కణ్ణుంచని చూస్తే మనిషి పేరు లేదు, పార్సెల్ ఆఫీసు పేరుంది. పేలింది పార్సెల్ ఆఫీసులోనే కదా. తెలియనివాళ్ళు పంపింది తీసుకోవద్దని బళ్ళో పిల్లలకు నేనే చెబుతున్నాను, నేనెలా తీసుకోను? మా నాన్నదైతే కుట్టు ఉంటుంది. ఒక్క కుట్టు ఎవరైనా విప్పినా నాకు తెలిసిపోతుంది, చిన్నప్పటినుంచీ ఆయన పక్కనే కూర్చుని చూశాను."

"మంచి పని చేశావమ్మా" అంది పార్సెలక్క. నిజంగానే అంది.

మర్నాడు పొద్దున చెప్పులు కుట్టే ఆయన మైనపు దారమూ సూదీ పట్టుకుని పార్సెల్ విభాగానికే వచ్చి, అధికారి ఎదురుగా కూర్చుని గుడ్డమూట కుట్టాడు. అధికారి కుర్చీ దగ్గరికి లాక్కుని చూశాడు. ప్రశ్నలే ప్రశ్నలు. దారానికి మైనం ఎందుకు? కుట్టు విప్పి మళ్ళీ అదే చిల్లిలోంచి కుడితే తెలుస్తుందా? ఇంకెవరైనా ఇలాగే కుట్టగలరా?

"కుట్టగలరు బాబూ, ఎందుకు కుట్టలేరు?" అన్నాడాయన. "కానీ ఆడి కుట్టు ఆడిదే. నా కుట్టు కాదు."

కుట్టడం అయ్యాక ఆయన అడ్రసు రాశాడు, అవే చెక్కిన అక్షరాలు. స్టాంపులు రెండు ఎక్కువే అతికించాడు, ఎవరు చెప్పినా వినలేదు. మూట బెల్టు దగ్గరికి వచ్చేసరికి ఆరు గుర్తులయ్యాయి.

ఆరు గుర్తులున్నదాన్ని వదలాలంటే బోను లెక్కల పుస్తకంలో 'వదిలిన కారణం' అనే గడి నింపి సంతకం పెట్టాలి. ఆ గడిలో ఇంతవరకు ఎవరూ ఏమీ రాయలేదు. అధికారి పెన్ను మూత తీశాడు. పరీక్షించాము అని రాయబోయి ఆగాడు. అలా పరీక్షించి పంపిన పెట్టే నిన్న తిరిగొచ్చి అతని చొక్కా తడిపింది. గొణుగుడాయన కూడా పని ఆపి అటే చూస్తున్నాడు. అధికారి చివరికి 'పంపినవారు తెలుసు' అని రాసి, కింద సంతకం పెట్టి, పుస్తకాన్ని పార్సెలక్క వైపు తిప్పాడు. ఆమె కూడా పెట్టింది. హాజరుపట్టీలో తప్ప ఇంకెక్కడా వాడని తన పేరు, పూర్తిగా.

మూట బెల్టు ఎక్కింది. ఒకపక్కకి ఒరిగి, ఊగుతూ, మలుపు తిరిగి కనుమరుగైంది. పార్సెలక్కకు ఆ పూట ఆకాశమంత సంతోషం.

వెనకాలే తర్వాతి పార్సెల్ వచ్చి ఆమె ముందు ఆగింది. కొత్త అట్టపెట్టె. అచ్చు లేబులు, గోధుమరంగు టేపు, నాలుగు మూలలూ సమంగా ఉన్నాయి. గుర్తులేవీ లేవు. ఆమె దాన్ని ఎత్తలేదు, వెనక్కి తిరిగి అధికారి వంక చూసింది. అతనూ అప్పటికే దాన్నే చూస్తున్నాడు. పంపినవాళ్ళెవరో ఇద్దరికీ తెలియదు.